కొత్త స్క్రీన్ మీద చెయ్యి తిరగడానికి టైమ్ ఇవ్వండి: విశాఖ డ్రాయింగ్ ఆఫీసుల యజమానులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం

గాజువాక, ఆటోనగర్, పెదగంట్యాడ, కూర్మన్నపాలెం చుట్టుపక్కల డ్రాయింగ్ ఆఫీసులు, ఫ్యాబ్రికేషన్ షాపులు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు నమస్కారం.

నేను మీలాంటి వాళ్ల ఆఫీసులోనే పనిచేస్తున్నాను. ట్యాంకులు, ప్రెషర్ వెసల్స్ (లోపలి ఒత్తిడిని తట్టుకునే పెద్ద స్టీలు పాత్రలు), పైపు రాక్‌లు, ప్లాట్‌ఫారాలు, వీటికి షాపులో కోసి వెల్డ్ చేసేవాళ్లు చూసుకునే షాప్ డ్రాయింగులు గీయడం నా పని. ఈ ఉత్తరం ఒక్క విషయం గురించే రాస్తున్నాను. ఆఫీసులో ఆటోక్యాడ్ (మేం డ్రాయింగులు గీసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) వెర్షన్ మార్చినప్పుడు, మారిన స్క్రీన్‌కి అలవాటు పడే టైమ్ మాకు డ్యూటీ గంటల్లోనే ఇవ్వండి. ఆ కొద్ది రోజులు రోజుకి ఇన్ని షీట్లు అనే లెక్క పక్కన పెట్టండి. అలవాటు పడటం ఇంటికెళ్లి తీర్చుకోవాల్సిన మా సొంత బాకీ కాదు. అది మీ ఆఫీసు పనే.

ఇప్పుడు మామూలుగా జరుగుతున్నది ఇది. శనివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక సిస్టమ్స్ చూసే అబ్బాయి వచ్చి కొత్త వెర్షన్ ఎక్కిస్తాడు. డిస్క్‌లో చోటు లేదని పాతది తీసేస్తాడు. సోమవారం పొద్దున్న కూర్చునేసరికి ఎడమ పక్కన ఉండే టూల్‌బార్ ఉండదు. చుట్టూ ముదురు రంగు వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ పేర్చుకున్న షార్ట్‌కట్లు పోతాయి. అదే రోజు మధ్యాహ్నానికి సైట్ నుంచి ఫోన్ వస్తుంది, రివిజన్ రెండు ఎక్కడని. సాయంత్రం మేనేజర్ గారు వెనక నిలబడి, "ఒక్క బ్రాకెట్‌కి ఇంతసేపా?" అంటారు. ఆ మాట అనిపించుకున్నవాళ్లలో ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లే ఎక్కువ. అందుకే నాకు అంత బాధ.

డ్రాయింగ్ గీసేటప్పుడు మా ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌస్ మీద ఉంటాయి. కళ్లు మాత్రం డ్రాయింగ్ మీదే ఉంటాయి. వెసల్‌కి పైపు తగిలించే నాజిల్ ఎక్కడ పడుతుంది, వెల్డ్ ఎక్కడ వస్తుంది, ఫిట్టర్ చెయ్యి లోపలికి దూరుతుందా లేదా అని బుర్ర ఆలోచిస్తూ ఉంటే, గీత గీసే పని చేతులు చూసుకుంటాయి. కొత్త ఇంట్లో దిగిన మొదటి వారం చీకట్లో స్విచ్చి కోసం పాత ఇంటి గోడ లెక్కన తడుముకుంటామే, స్క్రీన్ మారినప్పుడు మా చేతులదీ అదే పరిస్థితి. బయటికి మనిషి నెమ్మదించినట్టు కనబడుతుంది. అసలు నష్టం ఏమిటంటే, వెసల్ గురించి ఆలోచించాల్సిన బుర్ర బటన్ ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటుంది. తప్పులు దొర్లేది అప్పుడే.

ఒక ఉదాహరణ చెప్తాను. అక్కర్లేని గీత ముక్కల్ని కోసేసే ట్రిమ్ కమాండ్ మేం రోజుకి ఎన్నిసార్లు వాడతామో లెక్క ఉండదు. పాత పద్ధతిలో టీ ఆర్ కొట్టి, స్పేస్, మళ్లీ స్పేస్ నొక్కితే అన్ని గీతలూ కోతకి హద్దులుగా తీసుకునేది. తర్వాత అక్కర్లేని ముక్కల్ని క్లిక్ చేసుకుంటూ పోవడమే. 2021 వెర్షన్ నుంచి క్విక్ మోడ్ వచ్చింది. హద్దులు విడిగా ఎంచుకోవాల్సిన అవసరం లేదు, ఒక స్పేస్ చాలు. రెండో స్పేస్ నొక్కితే కమాండ్ ముగిసిపోతుంది. నిజానికి కొత్త పద్ధతే సులువు. కానీ పదేళ్లుగా రెండుసార్లు నొక్కడానికి అలవాటు పడిన బొటనవేలు ఒక్కసారికి ఆగదు. కమాండ్ ఆగిపోయిందని తెలియకుండా క్లిక్ చేసుకుంటూ పోతే గీతలు తెగడం పోయి సెలెక్ట్ అవుతుంటాయి. ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ అనే సెట్టింగ్‌ని సున్నాకి మారిస్తే పాత పద్ధతి తిరిగి వస్తుంది. అర నిమిషం పని. ఆ సంగతి వెతికి పట్టుకోవడానికి, పది మందికీ చెప్పడానికి ఆఫీసులో ఎవరికీ టైమ్ ఇవ్వరు. దాంతో పది మందీ విడివిడిగా వారాల తరబడి తంటాలు పడతారు.

ట్రిమ్ విషయంలో పోయేది టైమ్ ఒక్కటే. ఒకే ఆకారాన్ని వరుసగా పేర్చే అర్రే కమాండ్ సంగతి అలా కాదు, అది ప్లేటు దాకా వెళ్తుంది. పైపుల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజ్‌కి చుట్టూ బోల్టు రంధ్రాలు పెట్టడానికి మేం గుండ్రంగా పేర్చే పోలార్ అర్రే వాడతాం. 2012 వెర్షన్‌లో పాత డైలాగ్ బాక్స్ తీసేశారు. రంధ్రాలన్నీ కలిపి ఒకే వస్తువుగా వచ్చే పద్ధతి పెట్టారు. ఒకటి మారిస్తే అన్నీ మారతాయి, అది మంచి సౌకర్యమే. కానీ ఆ డ్రాయింగ్‌ని డీఎక్స్ఎఫ్ అనే రకం ఫైల్ చేసి కటింగ్ మెషీన్‌కి పంపే ముందు దాన్ని ఎక్స్‌ప్లోడ్ చేసి విడివిడి వృత్తాలు చేయకపోతే, అటువైపు సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా చదవకపోవచ్చు. చదవకపోతే రంధ్రాలు లేని ప్లేటు బయటికి వస్తుంది. అర్రేక్లాసిక్ అని టైప్ చేస్తే పాత బాక్స్ వస్తుంది. అర్రేఅసోసియేటివిటీ అనే సెట్టింగ్‌ని సున్నా చేస్తే రంధ్రాలు విడివిడిగానే వస్తాయి. ఇది తెలిసినవాళ్లకి చిటికెలో పని. కొత్త వెర్షన్ ఎక్కిన రోజునే డెలివరీ ఒత్తిడి పెడితే, తెలుసుకునే సందు ఎక్కడుంటుంది చెప్పండి? చెడిపోయిన ప్లేటు ఖరీదు, అలవాటు పడటానికి మాకు ఇవ్వని రెండు రోజులకి అయ్యే జీతం పక్కపక్కన పెట్టి చూడండి.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆటోక్యాడ్ మొదటి వెర్షన్ 1982 డిసెంబరులో వచ్చింది. అప్పటి నుంచీ స్క్రీన్ మారుతూనే ఉంది. మొదట్లో కుడి పక్కన అక్షరాల మెనూ ఉండేది. 1987లో వచ్చిన తొమ్మిదో రిలీజ్‌లో పైనుంచి కిందికి తెరుచుకునే మెనూలు పెట్టారు. 1997లో వచ్చిన పద్నాలుగో రిలీజ్‌తో పాతకాలపు డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని వదిలేసి పూర్తిగా విండోస్‌కి వచ్చేశారు. 2008లో విడుదలైన 2009 వెర్షన్‌లో రిబ్బన్, అంటే స్క్రీన్ పైన ట్యాబ్‌లుగా విడదీసిన బటన్ల పట్టీ, వచ్చింది. దానితో పాటు పాత రూపాన్ని కూడా క్లాసిక్ వర్క్‌స్పేస్ పేరుతో ఉంచారు కాబట్టి, మన దగ్గర చాలామంది రిబ్బన్‌ని ముట్టుకోకుండానే కొన్నేళ్లు గడిపేశారు. 2014లో విడుదలైన 2015 వెర్షన్‌లో ఆ క్లాసిక్ తీసేశారు, ముదురు రంగు కూడా అప్పుడే పెట్టారు. ఇన్ని మార్పుల్లోనూ ఎల్ కొడితే గీత, సీ కొడితే వృత్తం వస్తూనే ఉన్నాయి. ఎఫ్ 8 నొక్కితే గీతని నిలువుగానో అడ్డంగానో మాత్రమే పోనిచ్చే ఆర్థో ఇప్పటికీ పడుతుంది. కీబోర్డు మీద కమాండ్లు నేర్చుకున్నవాళ్లు ప్రతి మార్పునీ కొంచెం తేలిగ్గా దాటారు. బటన్ బొమ్మ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని పనిచేసినవాళ్లు ప్రతిసారీ మొదటికొచ్చారు.

రిబ్బన్‌లో మేలు లేదని నేను అనను. కోసిన భాగాన్ని గీతలతో నింపే హ్యాచ్ మీద క్లిక్ చేస్తే హ్యాచ్‌కి కావలసినవన్నీ పైన వాటంతటవే వస్తాయి. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసే సగం కమాండ్లు నేర్చుకుంటున్నారు. చిన్న స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం అది నిలువునా చాలా చోటు తినేస్తుంది. దాన్ని ట్యాబ్‌ల వరకూ కుదించుకోవచ్చు. ముదురు రంగు ఇబ్బందిగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా కిటికీ ఎదురుగా కూర్చుని మధ్యాహ్నపు వెలుగులో పనిచేసేవాళ్లు, కలర్‌థీమ్ అనే సెట్టింగ్ విలువని 1 చేసుకుంటే లేత రంగు వస్తుంది. మెనూబార్ విలువని 1 చేస్తే పాత మెనూ వరుస కనబడుతుంది. టూల్‌బార్లు కూడా తెచ్చుకుని, ఆ అమరికని వర్క్‌స్పేస్‌గా సేవ్ చేసుకోవచ్చు. మార్పుని మెత్తగా దాటే దారులు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. మన ఆఫీసుల్లో వాటికి చోటివ్వడం లేదు.

ఇప్పుడు నా మనసులో ఎక్కువ బరువుగా ఉన్న మాటకి వస్తాను. వెర్షన్ మారిన ప్రతిసారీ మీలో కొందరు కుర్రాళ్లని పెద్దవాళ్లతో పోలుస్తారు. "నిన్నకాక మొన్న వచ్చిన అబ్బాయి రెండు రోజుల్లో పట్టేశాడు, మీకేమైంది మాస్టారూ?" అని నలుగురి ముందూ అంటారు. ఆ అబ్బాయికి మరిచిపోవాల్సింది ఏమీ లేదు. కొత్త స్క్రీనే అతని మొదటి స్క్రీన్. మాస్టారు మాత్రం లోపల ఉన్న అలవాటుని ఆపుతూ, దాని పైన ఇంకోటి ఎక్కించుకుంటున్నారు. అది రెండింతల పని. పైగా ఆ టైమ్‌లోనే అబ్బాయి గీసిన షీట్లు చెక్ చేస్తున్నారు. షెల్ ప్లేటు పొడుగు వెల్డ్ మీదికి నాజిల్ చుట్టూ బలం కోసం వేసే రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్యాడ్ వస్తోందని, ప్లేటు వరుస కొంచెం తిప్పితే రెండూ తప్పుకుంటాయని చెప్పేది ఆయనే. వెసల్‌ని ఎత్తడానికి కొక్కెం తగిలించే లిఫ్టింగ్ లగ్ పెట్టిన చోట క్రేన్ హుక్ పైప్‌కి తగులుతుందని గమనించేదీ ఆయనే. ఏ వెర్షన్‌లోనూ దానికి బటన్ లేదు. ఆ మనిషిని వేగం పేరుతో చిన్నబుచ్చితే, ఆయన నోరు మూసుకుని తన షీట్లు తాను గీసుకుంటారు. చెక్ చేయడం మానేస్తారు. తర్వాత షాప్‌లో గ్రైండర్ పెట్టి కోసుకోవాల్సి వస్తుంది.

కుర్రాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్లకీ అన్యాయమే జరుగుతోంది. బటన్లు త్వరగా పట్టేశారని పెద్ద పని నెత్తిన పెట్టి, వెసల్ గురించి చెప్పే మనిషిని పక్కన కూర్చోబెట్టకపోతే వాళ్లు మాత్రం ఎక్కడ నేర్చుకుంటారు? వెర్షన్ మారిన వారంలో ఒక పెద్ద, ఒక చిన్న కలిసి ఒకే సిస్టమ్ ముందు కూర్చుంటే ఇద్దరికీ లాభం. అబ్బాయి బటన్ చూపిస్తాడు, మాస్టారు ఆ బటన్‌తో ఏం గీయాలో చూపిస్తారు. ఇది జరిగిన చోట నేను పనిచేశాను, అది బాగా నడిచింది.

ఈ ఊరికి పనిముట్లు మారడం కొత్త కాదు. స్వతంత్ర భారతదేశంలో తయారైన మొదటి పెద్ద ఓడ జల ఉష 1948 మార్చి 14న ఇక్కడే నీళ్లలో దిగింది. అప్పటికి డ్రాయింగ్‌కి కంప్యూటర్లు లేవు. ఓడల పనిలో మౌల్డ్ లాఫ్ట్ అనే పెద్ద హాలు ఉండేది. ఓడ వంపుల్ని నేల మీద అసలు సైజులో గీసి, వాటి మీద చెక్క అచ్చులు తయారుచేసేవాళ్లు. ఆఫీసుల్లో డ్రాఫ్టింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, ట్రేసింగ్ షీట్, ఇంకు పెన్నులు, అమ్మోనియా ప్రింట్ల కాలం నడిచింది. ఆ వాసన తెలిసినవాళ్లు మన ఆఫీసుల్లో ఇంకా ఉన్నారు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. బోర్డు మీద నుంచి కంప్యూటర్‌కి మారడం ఈ వెర్షన్ మార్పులన్నింటికంటే పెద్ద మార్పు. దాన్ని దాటినవాళ్లకి రిబ్బన్ దాటడం రాదని ఎలా అనుకుంటారు? ఇప్పుడు తేడా అల్లా వాళ్లకి దొరుకుతున్న టైమ్‌లోనే.

మీ వైపు కష్టం నాకు తెలియనిది కాదు. డెలివరీ ఆలస్యమైతే బిల్లులో కోత పడుతుంది. సాఫ్ట్‌వేర్‌కి చందా కట్టక తప్పదు. 2016 నుంచి ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ శాశ్వత లైసెన్సులు కొత్తగా అమ్మడం మానేసింది కాబట్టి ఒకసారి కొని ఊరుకునే వీలు లేదు. క్లయింట్ కొత్త వెర్షన్ అడిగితే మార్చక తప్పదు. కొందరు ఖర్చు తగ్గుతుందని బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లకి మారుతున్నారు. అవి కూడా ఆటోక్యాడ్ వాడే డీడబ్ల్యూజీ రకం ఫైల్సే తెరుస్తాయి, కమాండ్లు కూడా చాలావరకు అవే. అయినా అక్కడా స్క్రీన్ వేరు, అక్కడా చెయ్యి తిరగాలి. ఏ దారిలో వెళ్లినా ఈ కొద్ది రోజుల ఖర్చు తప్పదు. లెక్కలో రాసుకోకపోయినంత మాత్రాన అది పోదు. ఆదివారాల్లో, రాత్రి ఇంట్లో, ఒక్కోసారి షాప్‌లో చెడిన ప్లేటు రూపంలో ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. నడుస్తున్న జాబ్ మధ్యలో వెర్షన్ మార్చకండి. మొదలుపెట్టిన జాబ్ పాతదాంట్లోనే పూర్తి చేయనివ్వండి. పాత వెర్షన్ తీసేయకుండా కొత్తదాన్ని పక్కనే ఎక్కించండి, రెండూ ఒకే సిస్టమ్‌లో ఉండగలవు. డిస్క్‌లో చోటు లేకపోతే ఇంకో డిస్క్ పెట్టించండి, దాని ఖరీదు పెద్దది కాదు. 2018 వెర్షన్‌తో వచ్చిన ఫైల్ ఫార్మాట్‌నే ఆ తర్వాతి వెర్షన్లు ఏళ్ల తరబడి వాడుతూ వచ్చాయి కాబట్టి, అప్పటి నుంచి వచ్చిన వాటి మధ్య ఫైల్స్ అటూ ఇటూ తెరుచుకుంటాయి. ఎప్పటికైనా పాతది తీసే ముందు ప్రతి మనిషి ప్రొఫైల్, షార్ట్‌కట్ల పీజీపీ ఫైల్, మెనూలు టూల్‌బార్ల అమరిక ఉండే సీయూఐ ఫైల్, ప్రింటు తీసేటప్పుడు గీతల మందం, రంగు చెప్పే ప్లాట్ స్టైల్స్ సర్వర్‌లో దాచండి. ఆఫీసులో ఒక్కరికి వారం ముందే కొత్త వెర్షన్ ఇచ్చి, అందరికీ సరిపోయే సెట్టింగులు ఒక కాగితం మీద తెలుగులో రాయమనండి. ఆ వారం అతనికి వేరే పని పెట్టకండి. మిగతావాళ్లకి మొదటి రెండు మూడు రోజులు పూర్తయిన పాత డ్రాయింగ్ ఒకటి ఇచ్చి దాన్నే కొత్తదాంట్లో మళ్లీ గీయమనండి. క్లయింట్‌కి వెళ్లని షీట్ మీద తడబడితే ఎవరికీ నష్టం ఉండదు. ఆ తర్వాత వారం రెండు వారాలు చెకింగ్‌కి కొంచెం ఎక్కువ టైమ్ పెట్టండి. నేను చూసినంతలో ఇది చాలు.

ద్వారకానగర్‌లో క్యాడ్ నేర్పే సెంటర్ల వాళ్లకి కూడా ఇక్కడే ఒక మాట. పిల్లలకి బొమ్మల చోటు ఒక్కటే చూపించి పంపకండి. కమాండ్ పేరు, అది అడిగే ప్రశ్నలు, వాటి వరుస నేర్పండి. కమాండ్ లైన్‌లో వచ్చే మాటలు చదివే అలవాటు చేయండి. అది ఉన్న పిల్లలు ఏ స్క్రీన్ ముందు కూర్చున్నా నిలదొక్కుకుంటారు.

చివరిగా, తేదీ గురించి. ఆటోక్యాడ్ కొత్త వెర్షన్ సాధారణంగా మార్చి ప్రాంతంలో వస్తుంది. మన షాపుల్లో మార్చి అంటే ఆర్థిక సంవత్సరం ముగింపు, బిల్లులు, డిస్పాచ్‌లు, టెన్షన్. ఆ నెలలో ఎవరు అడిగినా వద్దనండి. వానలు మొదలై సైట్‌లో నిలబెట్టే పని (ఎరెక్షన్) నెమ్మదించాక, జూలైలోనో ఆగస్టులోనో ఒక వారం చూసుకుని మార్చండి. ఆ వారం ఏదో నెల ముందే మాకు చెప్పండి. డ్రాయింగ్ టేబుల్స్ దగ్గర కూర్చునే వాళ్లని పిలిచి, చేతిలో ఏ జాబ్‌లు ఉన్నాయో అడిగి ఆ తేదీ పెట్టండి. సెట్టింగుల కాగితం నా దగ్గర ఒకటి రాసిపెట్టి ఉంది. మీ ఆఫీసులో ఎవరికి కావాలన్నా ఇస్తాను, కూర్చుని చూపిస్తాను కూడా.

ఇట్లు,
గాజువాకలో పనిచేస్తున్న ఒక డ్రాఫ్ట్స్‌మన్